పాత పికప్, క్లాసిక్ కారు: దేన్ని దాచుకుందాం?

(హైదరాబాద్‌లో పాత బండ్లంటే ఇష్టమున్నవాళ్లు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు అక్కడిదాకా వినిపిస్తోందా? సరే.

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పిన రోజుల నుంచీ కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, కాస్త డబ్బు కూడబెట్టుకున్నాను, పాత బండి ఒకటి కొని బాగుచేసుకోవాలని ఉంది, ఏది కొనమంటారు?" అడుగుతారే గానీ జవాబు వాళ్ల మనసులో ముందే ఉంటుంది. అంబాసిడర్, లేదా పద్మిని. ఇంకాస్త పట్టుదల ఉన్నవాళ్లైతే స్టాండర్డ్ హెరాల్డ్. అంతే, ఆలోచనంతా ఆ మూడింటి మధ్యే తిరుగుతుంది. అప్పుడు నేను అడుగుతాను: పాత పికప్ ఎందుకు చూడవు నాయనా? "అది సామాన్ల బండి కదా సార్" అంటారు. అవును, సామాన్ల బండే. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మాట గురించే.

ముందు ఏది క్లాసిక్, ఏది పికప్ అన్నది తేల్చుకుందాం. పికప్ అంటే ముందు క్యాబిన్, వెనక సామాన్ల పెట్టె ఉండే చిన్న బండి. ఇక క్లాసిక్. అమెరికాలో 1952లో పెట్టిన క్లాసిక్ కార్ క్లబ్ ఒకటుంది. వాళ్ల లెక్కలో 1915 నుంచి 1948 దాకా వచ్చిన మేలురకం కార్లే ఫుల్ క్లాసిక్. మన దగ్గర అంత పట్టింపు లేదు. మన వీధుల్లో తిరిగి, మన పెద్దల ఫొటోల్లో వెనకాల నిలబడ్డ కారైతే చాలు, మనకది క్లాసిక్. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3గా పుట్టిన కారే మన అంబాసిడర్. 1957-58 ప్రాంతంలో బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగింది. పద్మిని అసలు ఫియట్ 1100. ప్రీమియర్ వాళ్లు ముంబైలో కుర్లాలో చేశారు, 1974 నుంచి పద్మిని అన్న పేరు వచ్చింది. హెరాల్డ్ మద్రాసు బండి, 1961లో మొదలైంది. వీటిని ప్రేమించేవాళ్లంటే నాకు గౌరవం. మా ఇంట్లోనూ మార్క్ 2 అంబాసిడర్ ఉంది. దాని పక్కనే టాటా 207 పికప్ కూడా ఉంది. రెండింటికీ నా చేతులతో పని చేస్తాను కాబట్టి, ఒకదాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

ఇప్పుడొకటి అడుగుతాను. చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. దాదాపు అందరూ. అక్కడ పసుపురంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో ఆర్డర్ ఇచ్చారు. ఆయన 1911లో పోయారు, బండి మాత్రం ఏడో నిజాం కాలంలో ఊరు చేరింది. వెనక సీటు సీటులా ఉండదు, సింహాసనంలా ఉంటుంది. వందేళ్లు దాటినా చెక్కుచెదరలేదు. ఎందుకు చెక్కుచెదరలేదు? వేడుకలకి, ఊరేగింపులకి తప్ప బయటికి తీయలేదు కాబట్టి. మిగతా రోజులన్నీ నీడపట్టున ఉంది కాబట్టి.

ఇదే ఊళ్లో 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఆల్బియాన్ బస్సులు. ఆ కాలపు బస్సును ఒకదాన్ని ఆర్టీసీ కాపాడుకుంది, చాలా మంచి పని. మరి అదే కాలంలో బేగంబజార్‌కి ధాన్యం, నూనె డబ్బాలు మోసిన బండి ఒక్కటైనా ఎక్కడైనా ఉందా? ఎవరికైనా తెలుసా? నేనైతే చూడలేదు.

మన ఇళ్లలో అమ్మమ్మ పెళ్లి పట్టుచీర ఇంకా బీరువాలో ఉంటుంది. ఆమె రోజూ నాట్లకి, కలుపుకి కట్టుకెళ్లిన నేతచీర ఒక్కటి చూపించండి. లేదు. చిరిగేదాకా కట్టింది, చిరిగాక ఇల్లు తుడిచే గుడ్డ చేసింది. ఆమె బతుకంతా ఏ చీరలో గడిచిందో ఆ చీరే మనకి మిగల్లేదు. బండ్ల విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. పని చేయనివి మిగిలాయి. పని చేసినవి చేసీ చేసీ పోయాయి.

ముందు వరసలో అన్న ఏదో అంటున్నారు... ఆఁ, టాక్సీ అంబాసిడర్లు. నిజమే అన్నా, అంబాసిడర్ కూడా చచ్చేంత చాకిరీ చేసింది. స్టేషన్ల బయట వరసగా నిలబడేవి, పల్లెల్లో పది పన్నెండుమందిని ఎక్కించుకుని తిరిగేవి. కానీ ఇవాళ ర్యాలీలకి వచ్చే అంబాసిడర్లని చూడండి. అందులో టాక్సీగా తిరిగినవి ఎన్ని? ఎక్కువగా డాక్టర్లవి, రిటైరైన ఆఫీసర్లవి, ఒకే కుటుంబంలో రెండు తరాలుగా ఉన్నవి. టాక్సీలు తుక్కుకి పోయాయి. మీరన్నది కూడా నా మాటకే బలం.

పికప్ పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. అమెరికాలో రైతులు ముందు కారు కొనేవారు, వెనక డిక్కీ తీసేసి వడ్రంగితో చెక్కపెట్టె బిగించుకునేవారు. ఇది చూసి ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో తన మోడల్ టీకి ఫ్యాక్టరీలోనే వెనక పెట్టె బిగించి అమ్మింది. ధర 281 డాలర్లు. ఆ కంపెనీ పికప్ అనే పేరుతో అమ్మిన మొదటి బండి అదే. తర్వాత 1947లో షెవర్లే అడ్వాన్స్ డిజైన్ పికప్‌లు, 1948లో ఫోర్డ్ ఎఫ్ సిరీస్ వచ్చాయి. ఆ గుండ్రటి ముక్కు, గుండ్రటి మడ్‌గార్డులు మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. ఒకప్పుడు పొలం గట్టున తుప్పు పట్టిపోయిన ఆ బండ్లని ఇవాళ అక్కడ కార్లతో సమానంగా చూసుకుంటున్నారు. అక్కడ ఆ మార్పు వచ్చింది. మన దగ్గర ఇంకా రాలేదు.

మన దేశంలో మహీంద్రా సోదరులు 1945లో కంపెనీ పెట్టారు, 1947 నుంచి విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. జీపు వెనక భాగం కోసి సామాను పెట్టె కట్టిన పికప్‌లు అలా మొదలయ్యాయి. ఇంజిన్ మీదే క్యాబిన్ ఉండే ఎఫ్‌సీ-150 అనే బండి కూడా చేశారు. ప్రీమియర్ వాళ్లు డాడ్జ్, ఫార్గో బండ్లు బిగించారు. ఇవన్నీ పెద్దవాళ్లకి గుర్తుంటాయి. నేను ఎక్కువసేపు చెప్పాలనుకుంటున్నది 1980ల గురించి, అందులోనూ మన పక్కనే జరిగిన కథ గురించి.

జహీరాబాద్‌లో తయారైన బండి

1980ల మధ్యలో జపాన్ కంపెనీలు మన దేశంలోకి చిన్న లారీలతో వచ్చాయి. నాలుగు జోడీలు. డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి... నాలుగోది ఎవరైనా చెబుతారా? చెప్పండమ్మా, గట్టిగా. ఆల్విన్ నిస్సాన్! శభాష్.

హైదరాబాద్ ఆల్విన్. ఈ పేరు వినగానే పెద్దవాళ్ల ముఖాలు చూడండి ఎలా వెలిగిపోతున్నాయో. 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా మొదలైన కంపెనీ. సనత్‌నగర్. ఫ్రిజ్‌లు చేశారు, వాచీలు చేశారు, పుష్పక్ స్కూటర్లు చేశారు, బస్సు బాడీలు కట్టారు. మన డబుల్ డెక్కర్ బస్సులు ఎక్కినవాళ్లు ఉన్నారా ఇక్కడ? ఆ బాడీల వెనక ఆల్విన్ చేయి ఉంది. అదే ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. నిస్సాన్ క్యాబ్‌స్టార్ అనే బండి. కచ్చితంగా చెప్పాలంటే అది పికప్ కాదు, పికప్‌కి పెద్దన్న లాంటి చిన్న లారీ. కానీ చేసిన పని అదే. ఊరి నుంచి మార్కెట్‌కి, మార్కెట్ నుంచి దుకాణానికి.

తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. 1990ల మధ్యకి పూర్తిగా ఆ కంపెనీలో కలిసిపోయింది. జహీరాబాద్‌లో ఇవాళ కూడా మహీంద్రా ట్రాక్టర్లు, సామాన్ల బండ్లు తయారవుతున్నాయి. అంటే ఫ్యాక్టరీ బతికింది. అక్కడ పనిచేసినవాళ్ల పిల్లలు మన మధ్యే ఉన్నారు. కానీ ఆల్విన్ నిస్సాన్ బండి ఒక్కటి, కంపెనీ నుంచి వచ్చిన రూపంలో, మన ఊళ్లో ఎక్కడైనా పెట్టి ఉందా? ఇంగ్లండ్‌లో పుట్టిన మోరిస్‌ని మనం అంత ప్రేమగా పాలిష్ చేస్తున్నాం, చేయాల్సిందే. మన పక్క జిల్లాలో, మన మనుషుల చేతుల మీదుగా బయటికొచ్చిన బండిని తుక్కు కాటాకి వేసేశాం. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆ జపాన్ బండ్లకి పోటీగా 1986లో టాటా 407 అనే చిన్న లారీ వచ్చింది. దాని తర్వాత 1988లో టాటామొబైల్ 206. ఇది అసలైన పికప్. 1948 సీసీ డీజిల్ ఇంజిన్. ముందు ముక్కు, మధ్యలో క్యాబిన్, వెనక సామాన్ల బాడీ. దీని తర్వాతే బరువులు ఎక్కువ మోసే 207 వచ్చింది.

ఇక్కడ అందరూ కాస్త శ్రద్ధగా వినాలి. 1991లో వచ్చిన టాటా సియెరా కారు దేని మీద కట్టారు? ఆ పికప్ చాసిస్ మీదే, అంటే బండి అడుగునుండే ఉక్కు చట్రం మీదే. 1992లో వచ్చిన ఎస్టేట్? దాని మీదే. 1994లో వచ్చిన సుమో? అదీ ఆ కుటుంబమే. లారీలు చేసే కంపెనీ కార్లలోకి వచ్చిందంటే ఆ పికప్ భుజాల మీద ఎక్కి వచ్చింది. సియెరాని ఇవాళ కుర్రాళ్లు క్లాసిక్ అని వెతుక్కుంటున్నారు. మంచిదే. మరి దానికి జన్మనిచ్చిన పికప్‌ని ఎందుకు వెతకరు? సియెరాకి గౌరవం ఇచ్చి, దాని తల్లిని తుక్కు కొట్టులో వదిలేయడం ఏం న్యాయం?

సరే, చరిత్ర చాలు. ఇప్పుడు బండి కిందికి దూరదాం.

అంబాసిడర్‌కి, పద్మినికి విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేస్తే వచ్చిన ఆ గూడే బరువంతా మోస్తుంది. డోర్ల కింద, అడుగు పెట్టి ఎక్కే చోట ఉండే పెట్టెలాంటి భాగం చూడండి. అక్కడ నీళ్లు నిలుస్తాయి, లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల రేకు పొడి అయిపోయి ఉంటుంది. అమ్మేవాడు దాన్ని పుట్టీతో కప్పేసి రంగు కొట్టిస్తాడు. కొన్నాక జాకీ పెడితే జాకీ లోపలికి దిగబడుతుంది. అప్పుడు తెలుస్తుంది. అది పైపై టింకరింగ్‌తో పోయే పని కాదు. బండి వెన్నెముకే పోయినట్టు. డోర్లన్నీ సరిగ్గా కూర్చునేలా లోపల ఆధారాలు వెల్డింగ్ చేసి, పాత రేకు కోసి, కొత్త రేకు వేయాలి. ఓపిక ఉన్న మేస్త్రీ దొరకాలి.

పికప్‌లో అలా కాదు. కింద రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డ కమ్మీలు. దాని మీద క్యాబిన్ బోల్టులతో బిగించి ఉంటుంది, వెనక బాడీ విడిగా బిగించి ఉంటుంది. వెనక బాడీ మొత్తం తుప్పు పట్టి చిల్లులు పడినా బండి బలానికి ఏమీ కాదు. బోల్టులు విప్పి నలుగురు కలిసి పక్కన పెట్టొచ్చు. చాసిస్ బట్టబయలుగా కనిపిస్తుంది. ఎక్కడ పగిలిందో, ఎక్కడ అతుకేశారో దాచడానికి వీల్లేదు. ఒక ఇంటి ముందు షెడ్డులో, ఇద్దరు మిత్రులు సెలవు రోజుల్లో చేసుకోగలిగిన పని ఇది. నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకి నేను పికప్ చెప్పడానికి మొదటి కారణం ఇదే.

ఒక మాట. మన హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, అది మన అదృష్టం. విశాఖలోనో చెన్నైలోనో సముద్రపు గాలికి తిరిగిన బండి మీద వల్లమాలిన తుప్పు ఉంటుంది. రెండు బండ్లు ఒకే ధరకి వస్తుంటే ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగినదాన్ని తీసుకోండి. కారైనా పికప్ అయినా.

ఇక ఇంధనం. పాత పెట్రోలు కార్లకి ఇప్పుడు కష్టకాలం. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు బంకుల్లో ఎక్కడ చూసినా అదే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి షెడ్డులో ఉండే కారులో ట్యాంకు అడుగున తుప్పు వస్తుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, మెత్తబడతాయి. పెట్రోలు పంపులో ఉండే డయాఫ్రమ్, కార్బొరేటర్ గ్యాస్కెట్లు పాడవుతాయి. పైపులన్నీ కొత్తరకం రబ్బరుతో మార్చుకోండి. బండి పెట్టేసేటప్పుడు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి. అంతకు ముందు ఇంకో దెబ్బ తగిలింది. 2000 సంవత్సరం నుంచి పెట్రోలులో సీసం తీసేశారు. జనం ఆరోగ్యానికి అది చాలా అవసరమైన మార్పు. కానీ పాత ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోట ఆ సీసమే మెత్తగా కాపాడేది. అది లేకపోయేసరికి ఆ వాల్వు సీట్లు అరగడం మొదలైంది. ఇంజిన్ హెడ్ దించినప్పుడల్లా గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించారా అని కార్లవాళ్లు అడిగి తెలుసుకోవాలి.

మే నెలలో అంబాసిడర్ తీసినవాళ్లకి ఇంకోటి తెలుసు. పంజగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడి ఉంటాం, పైన ఎండ, కింద ఇంజిన్ వేడి. పంపులో పెట్రోలు ఆవిరైపోతుంది, కార్బొరేటర్‌కి అందదు, బండి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారేదాకా నిలబడాలి. నవ్వుతున్నారు, అంటే అందరూ వేసినవాళ్లే.

పాత డీజిల్ పికప్‌కి ఈ గొడవలు లేవు. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. పంపు, నాజిళ్లు, ఫిల్టర్లు. నాజిళ్లు సర్వీస్ చేయించి, గాలి ఫిల్టరు శుభ్రంగా ఉంచితే పొగ చాలావరకు తగ్గుతుంది. ట్యాంకు ఖాళీ కానివ్వకూడదు. ఖాళీ అయితే లైన్లో ఎయిర్ పడుతుంది, స్క్రూ వదులు చేసి ఎయిర్ తీస్తే గానీ స్టార్ట్ కాదు. అదొక్కటి నేర్చుకుంటే చాలు. ఇంజిన్ సామాను రాణిగంజ్‌లో దొరుకుతుంది. సుమోలు అన్ని తిరిగాయి కదా, వాటికీ వీటికీ కలిసే సామాను చాలా ఉంది.

అయితే నడిపేటప్పుడు కారుదే పైచేయి. ఇది దాచను. అంబాసిడర్ ముందు సస్పెన్షన్ టోర్షన్ బార్లతో, అంటే మెలితిరిగి కుదుపుని మింగే ఉక్కు కమ్మీలతో ఉంటుంది, గుంతల్లో మెత్తగా ఊగుతూ పోతుంది. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు హాయిగా కూర్చుంటారు. పికప్ వెనక కమాన్ పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు, టన్ను బరువు కోసం కట్టినవి. బరువు లేకపోతే అవి వంగవు. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లకి కష్టం. దానికంటే ముఖ్యమైన విషయం, కొత్తగా నడిపేవాళ్లు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి: ఖాళీ పికప్ వెనక భాగం చాలా తేలిక. తొలకరి వానకి రోడ్డు మీద నూనె, దుమ్ము కలిసి జారుడుగా ఉన్నప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కితే వెనక చక్రాలు పట్టేసి బండి పక్కకి తిరిగిపోతుంది. నెమ్మదిగా పోండి, దూరం ఉంచండి. కావాలంటే రెండు ఇసుక బస్తాలు వెనక ఇరుసు మీదుగా వేసి, కదలకుండా కట్టండి. కుటుంబంతో యాదగిరిగుట్ట వెళ్లాలంటే నేను అంబాసిడర్ తాళమే తీస్తాను. ఆ విషయంలో రెండో మాట లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. బాగుచేయడం అంటే ఏంటి? కారు విషయంలో జవాబు తేలిక. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చేయడం. అదే రంగు, అదే బంపరు, అదే సీటు గుడ్డ, అదే బీడింగ్. ఎంత దగ్గరగా వెళితే అంత విలువ.

పికప్‌కి ఇదే సూత్రం పెడితే ఏమవుతుంది? ఒక 207 ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. కొన్నాయన దాన్ని నేరుగా ఆటోనగర్ తీసుకెళ్లాడు. వెనక అంచులు ఎత్తు పెంచి ఇనుప యాంగిల్స్ వేయించాడు, అడుగున చెక్క పలకలు పరిపించాడు, కమాన్ పట్టీలు రెండు ఎక్కువ వేయించాడు. పెయింటర్ వచ్చి ముందు దేవుడి పేరు రాశాడు, వెనక పిల్లల పేర్లు రాశాడు, పక్కన పూలతీగ వేశాడు. ఆ బండి తెల్లవారుజామున చేవెళ్ల వైపు నుంచి టమాటాలు, ఆకుకూరలు వేసుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కి ఏళ్లతరబడి తిరిగింది. గంపలు లాగీ లాగీ పలకలు నున్నగా అయిపోయాయి. తాళ్లు కట్టిన చోట ఇనుము మీద గీతలు పడి మెరుస్తున్నాయి. ఇప్పుడు మీరు కొన్నారు. ఇవన్నీ చెరిపేసి ఫ్యాక్టరీ రూపానికి తెస్తారా?

నేనైతే తేను. తేవద్దని మిమ్మల్ని కూడా బతిమాలుతున్నాను. ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్, లైట్లు కొత్తదానిలా చేయండి, అందులో రాజీ వద్దు. చాసిస్ తుప్పు గోకి రంగు వేయండి. కానీ ఆ పలకలు తీసేయకండి. ఆ రాతలు చెరపకండి. రంగు పెచ్చులూడుతుంటే ఉన్న రంగు నిలిచేలా పైన పూత వేయండి. కారుకి ఫ్యాక్టరీయే పుట్టిల్లు. పికప్‌కి ఫ్యాక్టరీలో సగమే అయింది, మిగతా సగం ఆటోనగర్ వెల్డరు, పెయింటరు, డ్రైవరు, హమాలీ కలిసి పూర్తిచేశారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ల చేతిపని ఆ బండి మీదే ఉంది. దాన్ని గోకేస్తే ఇంకెక్కడ ఉంటుంది?

కాగితాల సంగతి

ఇష్టం ఒకటే సరిపోదు, చట్టం కూడా చూడాలి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి. అసలు రూపం మారకూడదు. వీఏ అనే అక్షరాలతో వేరే నంబరు సిరీస్, రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేర్లు, పెట్రోలు పోయించుకోవడం, అలాంటి వాటికే రోడ్డెక్కాలి. ఇది మంచి అడుగు, కార్లవాళ్లకి చాలా మేలు చేసింది.

కానీ ఇది ఎవరికి? సొంత అవసరానికి వాడే టూవీలర్లకి, ప్రయాణికుల కార్లకి. సరుకు మోసే బండికి ఇందులో చోటు లేదు. యాభై కాదు, డెబ్భై ఏళ్లున్నా లేదు. ఎల్లో ప్లేట్ బండి, అంటే కిరాయికి తిరిగే బండి, పాతబడితే దానికి మిగిలింది ఏటేటా ఫిట్‌నెస్, ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్, ఆ తర్వాత తుక్కు. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. కాలం చెల్లిన బండ్లు రోడ్డు మీద ఉండకూడదు, పొగ తగ్గాలి, ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. ఈ ఊపిరి మనందరిదీ. కానీ వేలల్లో పోతున్నప్పుడు ఒక్కొక్క రకానికి ఒకటో రెండో పక్కన తీసి పెట్టాలని ఎవరూ అనుకోకపోతే ఎలా? టాటామొబైల్ 1988లో వచ్చింది. దానికి యాభై నిండేది 2038లో. అప్పటికి నియమం మార్చి సరుకు బండ్లని కూడా చేర్చారే అనుకోండి, చేర్చడానికి బండి ఉండాలి కదా! అందుకే మనలాంటివాళ్లం కలిసి రవాణా శాఖకి, కేంద్రానికి రాయాలి. నడపడానికి కాదు, దాచుకోవడానికి దారి ఇవ్వమని. రాత ముసాయిదా నేను తయారుచేస్తాను, సంతకాలు మీరు పెట్టండి.

కొనాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. ఆర్సీలో ఏ తరగతి అని రాసి ఉందో మొదట చూడండి. సరుకు రవాణా అని ఉంటే దాన్ని సొంత బండిగా మార్చడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు, ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి మీరే కనుక్కున్నాకే డబ్బు ఇవ్వండి. ఫైనాన్స్ బాకీ తీరినట్టు ఆర్సీలో ఉండాలి. ట్యాక్స్ బకాయి ఎంతుందో అడగండి, కొన్నిసార్లు బండి ధరకంటే అదే ఎక్కువ ఉంటుంది. చాసిస్ నంబరు మీ కళ్లతో చూసి, తడిమి, కాగితంతో సరిపోల్చండి. వెనక కమాన్ పట్టీలు చాసిస్‌కి బిగించే చోట టార్చి వేసి చూడండి. ఓవర్‌లోడ్ మోసిన బండి పగిలేది అక్కడే. ఒక అతుకు ఉంటే పరవాలేదు, అతుకు మీద అతుకు ఉంటే వదిలేయండి.

అమ్మాయి ఒకరు చేయెత్తారు... "కొనే స్తోమత లేనివాళ్లు ఏం చేయాలి?" మంచి ప్రశ్నమ్మా. ఫోను ఉంది కదా. ఆటోనగర్‌లో, బోయిన్‌పల్లిలో, జహీరాబాద్ దారిలో పాత బండి కనిపిస్తే ఓనర్‌ని అడిగి ఫొటోలు తీయండి. నాలుగు వైపులా, క్యాబిన్ లోపల, కంపెనీ బిగించిన ప్లేటు, బాడీ మీద రాతలు. నడిపిన డ్రైవర్ ఉంటే ఏ సరుకు, ఏ దారి, ఏ సంవత్సరం అని అడిగి ఆయన గొంతుతోనే రికార్డ్ చేయండి. ఆల్విన్‌లో పనిచేసినవాళ్లు మీ కాలనీలో ఉంటే వాళ్ల దగ్గరికీ వెళ్లండి. ఇప్పుడు పెద్దవాళ్లైపోయారు, ఆలస్యం చేయొద్దు. నడుస్తున్నదైనా, చెట్టు కింద పడి ఉన్నదైనా, ఆల్విన్ నిస్సాన్ బండి ఎక్కడున్నా నాకు చెప్పండి, నేనే వచ్చి చూస్తాను. ఆ వెనక బాబు ఇంకేదో అడగాలనుకుంటున్నాడు, మైకు అటు ఇవ్వండి.